షత్రంజీల అమ్మకం లెక్కల డైరీ: బ్యాంకుల పడ్డది అమ్మకం కాదు

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసిన షత్రంజీలు (కింద పరిచే దర్రీలు) ఆన్‌లైన్ల అమ్ముత. ఎక్కువ ఒక పెద్ద సైట్ల, కొన్ని ఇన్‌స్టాల. వరంగల్ దర్రీకి 2018ల జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అన్న ముద్ర) వచ్చింది కాబట్టి బయటి రాష్ట్రాలోళ్లు పేరు పెట్టి అడుగుతరు. సైట్ల బయటి రాష్ట్రాలకు అమ్మాలంటె అమ్మకం ఎంత తక్కువున్నా జీఎస్టీ నంబర్ తీసుకోవాలె, 20 లక్షల లిమిట్ ఆడ పనికి రాదు. నంబర్ తీసుకున్న, లెక్కలు మాత్రం కిరాణ ఖాతా లెక్క రాసుకుంట పోయిన. ఇది ఆ ఖాతాను బాగుచేసిన డైరీ. ఎవరన్న ఇదే పని పెట్టుకుంటె నేను పోగొట్టుకున్న గంటలు మీరు పోగొట్టుకోకుంట ఉంటరని రాస్తున్న.

దశ 1: తప్పు దొరికింది (2025 జూన్ 8)

హన్మకొండల మా అకౌంటెంట్ అన్న దగ్గరికి వేరే పని మీద పోయిన. ఆయన నా జీఎస్టీ పోర్టల్ తెరిచి కాసేపు చూసి, "ఏందమ్మా, నువ్వు చెప్పిన అమ్మకం కంటె సైటోళ్లు చెప్పిన నీ అమ్మకం ఎక్కువుంది, మధ్యల పైసలు ఎవరు తింటున్నరు?" అన్నడు. నేను నవ్విన. ఆయన నవ్వలే.

జనవరి-మార్చి క్వార్టర్‌కు నేను చేసింది ఇది: పాస్‌బుక్కుల సైట్ నుంచి పడ్డ పైసలన్ని కూడిన, 1,41,588 వచ్చింది. అండ్ల 5 శాతం జీఎస్టీ తీసేస్తె 1,34,846. అదే అమ్మకం అని వేసేసిన. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది ఆర్డర్ లిస్ట్ చూసి పంచిన, పైసలు మాత్రం బ్యాంకు చూసి.

అసలు లెక్క ఎట్లుండాల్నో ఒక్క ఆర్డర్ విప్పి చూస్తె తెలుస్తది. పుణెకు పోయిన 4 x 6 అడుగుల షత్రంజీ:

1. కస్టమర్ కట్టింది 1,260. అండ్ల సరుకు ధర 1,200, ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితె పడే జీఎస్టీ) 60.
2. సైట్ కమిషన్ 126, షిప్పింగ్ 84, ఫిక్స్‌డ్ ఫీజు 20. మొత్తం 230.
3. ఆ 230 మీద 18 శాతం జీఎస్టీ 41.40.
4. జీఎస్టీ కింద టీసీఎస్ (సైట్ మన పైసలల్ల పట్టుకొని గవర్నమెంటుకు కట్టేది) 0.5 శాతం, అంటె 1,200 మీద 6 రూపాయలు. ఇది 2024 జులై 9 దాకా 1 శాతం ఉండె, తర్వాత సగం చేసిన్రు.
5. ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ (ఇది కూడ సైట్ ముందే కోసి కట్టేది) 0.1 శాతం, 1.20. ఇది 2024 అక్టోబర్ 1 నుంచి తగ్గింది, అంతకుముందు ఇదీ 1 శాతమే. సైట్ల ఏడాది అమ్మకం 5 లక్షలు దాటనోళ్లకు, పాన్ ఇచ్చి ఉంటె, కొయ్యరు. నాది దాటింది.
6. బ్యాంకుల పడ్డది 981.40.

నేను 981.40ల నుంచి జీఎస్టీ తీసి, మిగిలిందే అమ్మకం అన్న. గవర్నమెంటుకు సైట్ చెప్పింది 1,200. అకౌంటెంట్ అడిగిన 'మధ్యల తిన్నది' ఎవరో కాదు, కస్టమర్ కట్టిన 1,260ల నుంచి పోయిన ఈ 278.60.

అప్పటికి ఒక్క సైజే అమ్మేది కాబట్టి క్వార్టర్ లెక్క సులువు. వాపసు వచ్చిన సరుకు పోంగ 145 ఆర్డర్లు, 1,74,000. నేను తక్కువ చూపింది 39,154, దాని మీద పన్ను 1,958. గుండె జారింది. కాని ఇంకో దిక్కు చూస్తె, సైట్ ఫీజుల మీద కట్టిన జీఎస్టీ ఆ మూడు నెలల్ల 6,112 ఇన్‌పుట్ వస్తది (అంటె మనం కట్టాల్సిన పన్నుల నుంచి తగ్గించుకోవచ్చు), అది నేను క్లెయిమే చెయ్యలే. టీసీఎస్ 870 పోర్టల్ల 'టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్' అనే ఫారంల ఒప్పుకునేదాకా క్యాష్ లెడ్జర్‌కు (పోర్టల్ల మన పైసల ఖాతాకు) రాదు, అది ఆన్నే కూసుంది. పన్ను ఎగ్గొట్టిన అని భయపడ్డ మనిషికి ఉల్టా రావాల్సిందే ఎక్కువుంది. బ్యాంకు లెక్క నమ్ముకుంటె రెండు దిక్కుల దెబ్బ.

ఇప్పటిదాకా: ఖర్చు 0, టైమ్ 11 గంటలు (అండ్ల 3 గంటలు ఒట్టి టెన్షన్ల పోయినయి). బాకీ 1,958, వడ్డీ వేరే.

దశ 2: షీట్ చేసుడు, షీట్ మోసం చేసుడు (జూన్ 11 - 19)

ఇగ పాస్‌బుక్కు వద్దు, సైట్ల నుంచి ఆర్డర్ రిపోర్ట్ దింపి దాని మీదనే లెక్క కట్టాలె అని అనుకున్న. రిపోర్ట్ సీఎస్‌వీ ఫైల్, రెండుసార్లు నొక్కితె ఎక్సెల్‌ల తెరుచుకుంది. అక్కడ మొదలైంది.

ఆర్డర్ నంబర్లు పొడుగు అంకెలు, 18 ఉంటయి. ఎక్సెల్ 15 అంకెల దాకనే లెక్క పెట్టుకుంటది, మిగిలినయి సున్నలు చేస్తది, పైనుంచి 4.05ఈ+17 లాగ చూపిస్తది. నేను కాలమ్ ఫార్మాట్ నంబర్ అని మార్చి 'ఆ వచ్చింది' అనుకున్న, చివరి మూడు సున్నలు కండ్లవడలే. సెటిల్‌మెంట్ ఫైల్‌తోని (ఏ ఆర్డర్‌కు సైట్ ఎంత వేసిందో చెప్పేది) మ్యాచ్ చేస్తె 31 ఆర్డర్లు డబల్ కనిపించినయి. డబల్ అని తీసేసిన. రెండు రోజులు తీసుకుంటనే ఉన్న. తీసేసినయి అన్ని అసలు ఆర్డర్లే.

రెండో మోసం తేదీలది. నా ల్యాప్‌టాప్ అమెరికా సెట్టింగుల ఉండె, 04/06/2025 అంటె జూన్ 4 అని మనం అనుకుంటం, అది ఏప్రిల్ 6 అనుకుంది. 12 దాటిన తేదీలు మాత్రం అక్షరాల లెక్క ఎడమ దిక్కు అతుక్కొని ఉన్నయి. అదే గుర్తు: తేదీ కాలమ్‌ల కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఉంటె నమ్మొద్దు.

మార్చింది:

1. ఫైల్ డైరెక్ట్‌గ తెరవొద్దు. ఖాళీ షీట్ తెరిచి డేటా మెనూల నుంచి ఇంపోర్ట్ చేసి, ఆర్డర్ నంబర్ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పాలె.
2. లొకేల్ (ఏ దేశం తేదీల పద్ధతి అన్న సెట్టింగ్) ఇండియా పెట్టాలె.
3. దింపిన ఫైల్‌ను ముట్టుకోకుంట 'అసలు' అనే ఫోల్డర్ల పెట్టి, కాపీ మీదనే పని చెయ్యాలె. ఇది ముందే చేసి ఉంటె ఆ 31 కోసం మళ్ల దింపుకునే పని తప్పేది.
4. ఒక ఆర్డర్‌కు ఒక వరుస. కాలమ్‌లు: ఇన్‌వాయిస్ తేదీ, నంబర్, రాష్ట్రం, సరుకు ధర, పన్ను, ఫీజు, ఫీజు మీద జీఎస్టీ, టీసీఎస్, టీడీఎస్, బ్యాంకుల పడాల్సింది, పడ్డది, తేడా.

చివరి కాలమ్ తేడా సున్న రావాలె. రాకుంటె ఆ వరుస ఎరుపు అయితది. మొదటిసారి తెరిస్తె షీట్ పండు మిరపకాయల కల్లం లెక్క ఉండె.

ఇప్పటిదాకా: ఖర్చు 0, టైమ్ 20 గంటలు.

దశ 3: తెల్లబడ్డ బిల్లులు (జూన్ 22 - 24)

ఇన్‌స్టా ఆర్డర్లు నేనే కొరియర్ చేస్త. కౌంటర్ల ఇచ్చే రసీదులు అన్ని ఒక ప్లాస్టిక్ కవర్ల వేసి ఇనుప బీరువాల పెట్టిన. పై అంతస్తు, రేకుల పక్క గది, వరంగల్ మే ఎండలు. తీసి చూస్తె సగం కాగితాలు తెల్లగ ఉన్నయి. దీపం ముందట పెట్టి చూసిన, ఒకదాని మీద మన ఊరి పిన్ కోడు చివరి రెండంకెలు మాత్రం గోధుమ రంగుల మిగిలినయి, మిగితా ఏం లేదు. అది థర్మల్ కాగితం, సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత మీద అచ్చు పడుతది, ఆ పూత వేడికి, వెలుతురుకు, కొన్ని ప్లాస్టిక్ కవర్లకు కూడ పాడైతది. కవర్ల పెడితె భద్రం అనుకున్న నా తెలివికి దండం.

మిగిలినయి చదివితె ఇంకో దెబ్బ. ఏ రసీదు మీద నా జీఎస్టీ నంబర్ లేదు. కౌంటర్ల ఫోన్ నంబర్ చెప్పి బుక్ చేసేది, వాళ్లు మామూలు మనిషి లెక్క బిల్లు కొట్టిన్రు. నంబర్ లేకపోతె ఆ బిల్లు నా జీఎస్టీఆర్-2బీల (మనకు అమ్మినోళ్లు చూపిన బిల్లుల లిస్ట్‌ల) రాదు, 2బీల లేనిది ఇన్‌పుట్ రాదు. ఏప్రిల్ నుంచి 5,800 కొరియర్ మీద 18 శాతం, 1,044 రూపాయలు పోయినట్టే. మార్చి ఇయ్యమంటె, పాత బిల్లులు మార్చం అన్నరు.

ఇప్పుడు చేసేది:

1. కౌంటర్ల పార్సెల్ పెట్టేముందే జీఎస్టీ నంబర్ రాసిన చీటీ ఇస్త. మనది తెలంగాణ కాబట్టి 36తోని మొదలైతది, తర్వాత పది పాన్. బిల్లు మీద ఆ 36 కనిపించినంకనే బయటికి వస్త.
2. ఆన్నే నిలబడి ఫోన్ల స్కాన్. ఇంటికి పోయినంక అంటె అయ్యేది కాదు.
3. ఫైల్ పేరు ముందట ఏడాది-నెల-తేదీ, తర్వాత మొత్తం, తర్వాత ఎవరు. ఇట్ల పెడితె వాటంతటవే వరుసల నిలబడతయి.
4. థర్మల్ కాగితం జిరాక్స్ తీసి, రెండు కలిపి బాక్స్ ఫైల్ల. ఫైల్ కింది అరల కాదు, 2023 జులై వానలకు మా కింది అరల ఏం జరిగిందో గుర్తుంది.

ఎన్నేండ్లు దాచాలె అని అందరు అడుగుతరు. జీఎస్టీ రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు. 2024-25ది గడువు 2025 డిసెంబర్ 31, అంటె 2031 డిసెంబర్ దాకా. ఇన్‌కమ్ ట్యాక్స్‌ల నేను 2024-25కు 44ఏడీ (చిన్న వ్యాపారాలకు అంచనా లాభం సెక్షన్) కింద వేసిన, డిజిటల్‌గ వచ్చిన దానికి 6 శాతం లాభం అని చూపితె పుస్తకాలు అక్కర్లేదు. దాన్ని పట్టుకొని 'నాకు రికార్డులే వద్దు' అనుకున్నోళ్లను ఇద్దర్ని చూసిన. ఆ సడలింపు ఇన్‌కమ్ ట్యాక్స్‌కే, జీఎస్టీకి కాదు. ఆడ కూడ 6 శాతం లాభం లెక్క కట్టేది మొత్తం అమ్మకం మీద, బ్యాంకుల పడ్డ దాని మీద కాదు.

ఇప్పటిదాకా: బాక్స్ ఫైళ్లు రెండు 360, జిరాక్స్ 84 కాగితాలు 168. ఖర్చు 528, టైమ్ 27 గంటలు. పోయిన ఇన్‌పుట్ 1,044, ఇది రాదు.

దశ 4: చిట్టీ పైసలు, పెద్దయ్య సంతకం (జూన్ 26 - 29)

ఇన్‌స్టా అమ్మకాలకు ఇచ్చిన క్యూఆర్ నా సొంత అకౌంట్‌ది. అదే అకౌంట్ల చిట్టీ పైసలు, మా తమ్ముడు తిరిగిచ్చిన అప్పు, పక్కింటి వదిన కరెంట్ బిల్లు కట్టమని పంపినయి. మూడు నెలల స్టేట్‌మెంట్ల 212 జమలు, అండ్ల అమ్మకం 58. ఏది ఏదో గుర్తు పట్టనీకె వాట్సాప్ చాట్‌లు వెతికిన, 1,260 పడిందంటె షత్రంజీ అనుకున్న, ఒకటి చూస్తె చీర పైసలు.

వేరే అకౌంట్ తీసి, వేరే క్యూఆర్ పెట్టిన. పాత క్యూఆర్ స్క్రీన్‌షాట్ దాచుకున్న కస్టమర్లు ఇంకా దానికే కొడుతున్నరు, అవి పడ్డరోజే కొత్త దాంట్లకు పంపి, 12 అంకెల యూపీఐ రెఫరెన్స్ నంబర్ షీట్ల రాస్త. అడ్వాన్స్ ఇచ్చినోళ్ల గురించి కూడ బుగులు ఉండె. సరుకుకు అడ్వాన్స్ తీసుకుంటె ఆ రోజే జీఎస్టీ కట్టే పని లేదు, ఇన్‌వాయిస్ కొట్టినప్పుడే. సర్వీసులోళ్లకు వేరే.

ఇన్‌వాయిస్ నంబర్ల గోల కూడ ఇక్కడే చెప్త. మా వాడ పేరు మొత్తం, ఏడాది, నంబర్ పెట్టి ఇంగ్లిష్‌ల 21 అక్షరాలు చేసిన. రూల్ 16 అక్షరాలు దాటొద్దని. ఇప్పుడు 'కేడబ్ల్యూ/25-26/001', 12తోని అయిపోయింది. మధ్యల రద్దయిన బిల్లు నంబర్ తీసెయ్యొద్దు, రద్దు అని ఉంచాలె, ఎందుకంటె జీఎస్టీఆర్-1ల (అమ్మకాల రిటర్న్‌ల) ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఎన్ని బిల్లులు, ఎన్ని రద్దు అని అడుగుతది. సైట్ తన సిరీస్‌ల కొట్టే బిల్లులు కూడ మన పేరు మీదనే ఉంటయి, అవీ అండ్ల రాయాలె.

కొనుగోలు దిక్కు కాగితమే లేదు. కొత్తవాడల మగ్గం నేసే పెద్దయ్య దగ్గర నేను చిన్నప్పటిసంది మా నాయన కొనుడు చూసిన, బిల్లు అన్న ముచ్చటే లేదు. 50 కాగితాల వోచర్ బుక్కు అచ్చు వేయించి తీసుకపోయిన. తేదీ, సైజు, ఎన్ని, ధర, సంతకం. పెద్దయ్య బుక్కు అటుఇటు తిప్పి, "ఇరవై ఏండ్లసంది మీ ఇంటికి ఇస్తున్న బిడ్డా, ఒక్కనాడు సంతకం అడగలే, ఇప్పుడు నా మీద నమ్మకం పోయిందా?" అన్నడు. "నీ మీద కాదు పెద్దయ్య, నా మతిమరుపు మీద" అన్న. పెట్టిండు, కాని కాలమ్ దాటి తేదీ మీదకెల్లి పోయింది. పైసలు కూడ ఫోన్ల కొడుతున్న, ఆయన మనుమడి నంబర్‌కు కాదు, ఆయన సొంత అకౌంట్‌కే.

ఇప్పటిదాకా: వోచర్ బుక్కు 350, ఖర్చు 878. టైమ్ 32 గంటలు.

దశ 5: 6,150 తేడా (జులై 11 - 22)

ఏప్రిల్-జూన్ క్వార్టర్. నేను క్వార్టర్లీ వేస్త: జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 13, 3బీ (పన్ను కట్టే రిటర్న్) మన రాష్ట్రానికి 22. క్వార్టర్ల మొదటి రెండు నెలలకు కట్టేది ఉంటె పీఎంటీ-06 చలాన్ 25లోపు. సైట్ తన టీసీఎస్ రిటర్న్ 10లోపు వేస్తది, అంటె సరిచూసుకోనీకె నా చేతుల ఉన్నది 11, 12, 13, అంతే.

పోర్టల్ల సైట్ చూపిన నికర అమ్మకం 2,20,300. నా షీట్ 2,14,150. తేడా 6,150. ఇన్ని గంటలు పెట్టినంక కూడ తేడా చూస్తె ల్యాప్‌టాప్ మూసి చాయ్ పెట్టుకున్న.

మొదటి పట్టు: రిపోర్ట్‌ల మూడు తేదీ కాలమ్‌లు ఉన్నయి, ఆర్డర్ పెట్టింది, ఇన్‌వాయిస్ కొట్టింది, పార్సెల్ పోయింది. నేను మూడోది పట్టుకున్న. జూన్ 30న బిల్లు అయ్యి జులై 1న పికప్ అయినయి మూడు, 3,600. మిగిలిన తేడా 2,550.

రెండో పట్టు: వాపసు వచ్చిన పార్సెళ్లు. వెనక్కి వచ్చిన దాన్ని రిపోర్ట్ పాత ఆర్డర్ వరుసలనే చూపిస్తది. జులై 4న, 6న వచ్చిన రెండు రిటర్నులను నేను జూన్ నుంచి తీసేసిన. అవి జులైల తియ్యాలె. 2,400. మిగిలింది 150.

ఈ 150 కోసం రాత్రి 11:40 దాకా కూసున్న. 2,20,300ల 150 వదిలేస్తె ఎవరు అడగరు, మా ఆయన అదే అన్నడు. కాని షీట్ల ఎరుపు ఒక్కటి కూడ లేదు, అంటె బ్యాంకు లెక్క కలుస్తుంది, అమ్మకం లెక్క కలుస్తలేదు. ఎట్ల? ఫీజు కాలమ్‌ల ఏదో మైనస్ ఉండాలె అని వెతికితె దొరికింది: మూడు ఆర్డర్లకు డెలివరీ చార్జీ కస్టమరే కట్టిండు, 52.50 చొప్పున. రిపోర్ట్‌ల అది వేరే కాలమ్, నేను దాన్ని షిప్పింగ్ ఖర్చుల నుంచి తగ్గించిన. కస్టమర్ దగ్గర తీసుకున్నది ఏదైనా అమ్మకంల భాగమే, సరుకుకు ఏ రేటో దానికీ అదే. 50 చొప్పున మూడు, 150.

తేడా సున్న. నిద్ర లేపి చూపిస్తె మా ఆయన "మంచిది" అని అటు తిరిగి పండుకుండు.

జనవరి-మార్చి తప్పును కూడ ఈ జీఎస్టీఆర్-1 సవరణ టేబుల్ల పెట్టిన. 1,958 పన్ను వదిలేసిన 6,112 ఇన్‌పుట్ నుంచి సర్దుబాటు అయింది. వడ్డీ ఏడాదికి 18 శాతం, 91 రోజులకు 88 రూపాయలు, అది చేతి నుంచి కట్టిన. పాత ఏడాది ఇన్‌పుట్‌కు తర్వాతి నవంబర్ 30 దాకనే టైమ్, అది దాటి ఉంటె 6,112కు నీళ్లు వదులుకునుడే. 870 టీసీఎస్ కూడ ఒప్పుకున్న, లెడ్జర్ల పడ్డది.

ఇప్పటిదాకా: అకౌంటెంట్ అన్నకు 1,000, వడ్డీ 88. ఖర్చు 1,966, టైమ్ 38 గంటలు.

దశ 6: రెండో క్వార్టర్ (అక్టోబర్ 12)

ఈసారి మొత్తం పని మూడున్నర గంటలు. పోర్టల్ 2,68,400, షీట్ 2,67,200. ఒక్క ఆర్డర్ తేడా, 20 నిమిషాలల్ల దొరికింది. సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ నాడు రాత్రి అయిన బిల్లు, నేను రిపోర్ట్ అక్టోబర్ 1 పొద్దున్నే దింపిన, అప్పటికి అది ఎక్కలే. నెల రిపోర్ట్ 1న దింపొద్దు, సైట్ రిటర్న్ వేసినంక 11న దింపాలె.

ఇంకో మార్పు. సెప్టెంబర్ 22న చాలా సరుకుల జీఎస్టీ రేట్లు మారినయి. చేనేత దర్రీ 5 శాతంలనే ఉంది కాబట్టి బతికిపోయిన, లేకుంటె నా ఫార్ములా లోపల్నే 5 కొట్టి పెట్టిన, మారిస్తె పాత నెలలు కూడ మారిపోయేటియి. ఇప్పుడు రేటుకు వేరే కాలమ్ పెట్టిన.

ఇంకోటి, జులై నుంచి 3బీల మనం కట్టాల్సిన పన్ను జీఎస్టీఆర్-1 నుంచి అదే వచ్చి కూసుంటది, ఆడ దిద్దనియ్యరు. తప్పుంటె 3బీ వెయ్యకముందే జీఎస్టీఆర్-1ఏల దిద్దుకోవాలె. '3బీల చూసుకుందాం లే' అన్న నా పాత అలవాటు ఇగ చెల్లదు.

మొత్తం ఖర్చు 1,966, టైమ్ 41 గంటల 30 నిమిషాలు. తేడా సున్న.

వోచర్ బుక్కుల ఆరు కాగితాలే మిగిలినయి. కొత్తది అచ్చుకు ఇచ్చిన, ఈసారి సంతకం గడి పెద్దగ పెట్టమని చెప్పిన, పెద్దయ్య చెయ్యి తేదీ మీదకు పోకుంట.